ఎక్కువైన రక్తం

నాకు మీసం సూదిమందుతో వచ్చింది. అంతవరకూ, అంటే ఇరవై దాటేవరకూ, నా మొహం నున్నగా ఉండేది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "ఇంట్లో మగాళ్ళెవరూ లేరామ్మా?" అని అడిగేవారు. మొదట్లో నేనే ఉన్నానని చెప్పేవాణ్ణి. తరవాత తరవాత, లేరని చెప్పి పెట్టేయడమే సుఖమనిపించింది.

కారణం గవదబిళ్ళలు. హైస్కూల్లో ఉండగా వచ్చాయి. అమ్మ బుగ్గలకి పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. కొన్నాళ్ళకి వాపు తీసింది, బడికి పోయాను, అందరూ మరిచిపోయారు. జబ్బు మాత్రం బుగ్గలతో ఆగకుండా వృషణాలకి పాకి, అక్కడ జరగాల్సిన పనంతా పాడుచేసి పోయిందట. ఈ సంగతి విశాఖపట్నంలో హార్మోన్ల డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. మగవాడి ఒంట్లో ఊరాల్సిన టెస్టోస్టెరాన్ నా ఒంట్లో ఊరడం లేదు, ఇకమీదట ఊరదు, బయటినుంచి ఎక్కించుకోవాలి, బతికున్నన్నాళ్ళూ ఎక్కించుకోవాలి, పిల్లలు పుట్టరు. ఇదంతా ఆయన కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కాస్త జాలి చూపించి ఉంటే అక్కడే ఏడ్చి ఉండేవాణ్ణి. పక్కన కూర్చున్న అమ్మ మాత్రం ఏడ్చింది. బయటికొచ్చాక, ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలంది. అమ్మ పోయాక ఆ మాట నా ఒక్కడి దగ్గరే మిగిలింది.

మాది సుమ్మాదేవి స్టేషనుకి నడిచివెళ్ళగలిగే ఊరు. ఉద్యోగం కాశీబుగ్గలో, ఒక జీడి బట్టీలో. ఆడవాళ్ళు ఒలిచిన పప్పులో గుండ్లు వేరుగా, బద్దలు వేరుగా, ముక్క వేరుగా ఉన్నాయో లేదో చూసి తూకం వేయించుకోవడం నా పని. సూది మాత్రం టెక్కలి వెళ్ళి వేయించుకునేవాణ్ణి. కాశీబుగ్గలో ఏ కాంపౌండరుకి చెప్పినా సాయంత్రానికల్లా మా బట్టీలో పప్పు ఒలిచేవాళ్ళ దాకా వచ్చేస్తుంది. టెక్కలిలో నన్నెరిగినవాళ్ళు లేరు. అక్కడి నర్సమ్మ ఆ చిన్న గాజుబుడ్డిని రెండు అరచేతుల మధ్యా పెట్టి కాసేపు దొర్లించేది. మందు నూనెలో కలిసి ఉంటుంది, చల్లగా ఉంటే సూదిలోంచి దిగదు. "కదలకు బాబూ, ఇది నూని, నీల్లు కాదు, నిదానంగా దిగాల" అనేది. తిరుగు బస్సులో పలాస దాకా ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాణ్ణి.

గొంతు దిగింది. మీసం వచ్చింది. వీడికి ఆలస్యంగా వచ్చిందిలే అనుకున్నారు అందరూ. సూది వేయించుకోవడం అంత కష్టమేమీ కాదని నాకు తొందరలోనే అర్థమైంది. ఎక్కించిన మందుని ఒంట్లో ఒక మట్టాన నిలబెట్టడమే కష్టం. మూడు వారాలకొక సూది అన్నారు. మొదటి వారం విపరీతమైన ఆకలి, అంతకి మించి కోపం. గుండ్లలో బద్దలు కలిశాయని జల్లెడ విసిరికొట్టిన రోజులున్నాయి. రెండో వారం మనిషిలా ఉండేవాణ్ణి. మూడో వారం వచ్చేసరికి తూకం రాయి ఎత్తాలన్నా బద్ధకమే. ఎవరైనా "ఏటి బాబూ, అలగున్నావు" అని అడిగితే చాలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

బట్టీలో ఆడవాళ్ళు దీనికి చంద్రుణ్ణి తప్పుపట్టారు. "అమాసొత్తే బాబు మనిసి కాడే" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు. నా లెక్క మూడు వారాలది, చంద్రుడి లెక్క అంతకన్నా పెద్దది. అందువల్ల ఒక్కోసారి నిండు పున్నమినాడు కూడా అరిచేవాణ్ణి. "ఈపాలి పున్నానికే తిరిగిందేటి?" అని వాళ్ళు తికమకపడేవారు. ఒకామె నాకోసం తాయెత్తు కూడా తెచ్చింది. కట్టుకున్నాను. అది ఎందుకు పనిచేయడం లేదో నాకు తెలుసుగానీ, పాపం ఆమె ముఖం చూసి తీయలేకపోయాను.

మందు ఒంట్లో ఎంతుందో చూడాలి, రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నాడు డాక్టరు. ఎప్పుడు చేయించాలో ఆయన చెప్పడం మరిచాడో, నేను వినడం మరిచానో. సూది పడ్డ ఒకటి రెండు రోజులకి టెక్కలిలో వేరే పని పడితే, పనిలో పనిగా అక్కడే రక్తం ఇచ్చేశాను. అంకె ఆకాశంలో ఉంది. డాక్టరు మందు సగానికి తగ్గించాడు. ఆ తరవాత గడిచిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నం పూట జీడిగింజల బస్తాల మీద ఒరిగి నిద్రపోయేవాణ్ణి. ఉండి ఉండి ఒంట్లోంచి సెగలొచ్చేవి. బట్టీ యజమాని కొత్తమనిషిని వెతుకుతున్నాడని తెలిసినా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు నన్ను చూసి, రిపోర్టు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రక్తం ఎప్పుడిచ్చావు?" అన్నాడు. చెప్పాను. "వాన పడ్డ మర్నాడు నూతిలోకి తొంగిచూసి, ఏడాదంతా ఇన్నే నీళ్ళనుకుంటే ఎలాగయ్యా?" అన్నాడు. తరవాతి సూది పడబోయే ముందు, మందు అడుగంటినప్పుడు, పొద్దున్నే ఏమీ తినకుండా ఇవ్వాలట. అప్పటినుంచి విశాఖపట్నం వెళ్ళి అక్కడే ఇచ్చేవాణ్ణి. ఆయన మందు కొంచెం కొంచెంగా మార్చి, ఒక్కో సూదిలో తక్కువ మందు, సూదికీ సూదికీ మధ్య తక్కువ రోజులు పెట్టాడు. ఎత్తుపల్లాలు మెల్లగా సర్దుకున్నాయి. బట్టీలో ఆడవాళ్ళు చంద్రుడి సంగతి వదిలేశారు. నాకు తాయెత్తు పనిచేసిందని అందరికీ నమ్మకం కుదిరింది.

ఆ పొద్దుటి రక్తంతోనే నా రెండో జబ్బు మొదలైంది. అది నాకు లేని జబ్బు.

అప్పట్లో మా ఉద్దానంలో మోచేతి మడతలో దూది కనిపిస్తే దానికి ఒక్కటే అర్థం. ఊరూరా కిడ్నీలు పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో ఎవరికీ అంతుచిక్కలేదు. కొందరు నీళ్ళన్నారు, కొందరు పురుగుమందులన్నారు, కొందరు ఎండన్నారు. మనిషికి మనిషి ఎదురైతే "బాగున్నావా" అనేవాళ్ళు కాస్తా "ఎంతుంది నీది?" అని అడగడం మొదలుపెట్టారు. ఏది ఎంతుందని విడమరిచి చెప్పక్కర్లేదు, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్. విశాఖపట్నం నుంచి తిరిగొచ్చి పలాస స్టేషన్లో దిగుతుండగా మా వీధి పెద్దాయన నా చేతి దూది చూశాడు. భుజం తట్టి, "ఎంతుందిరా నీది?" అన్నాడు. ఇంకా రిపోర్టు రాలేదన్నాను. అది నిజమే. ఆయన నా సంచీ అందుకుని ఆటో దాకా మోశాడు.

రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. నేను కాదనలేదు. కిడ్నీ మర్యాదగల జబ్బు. దాంట్లో నీ తప్పేమీ ఉండదు, నీళ్ళదో దేవుడిదో అవుతుంది. నా అసలు జబ్బు బయటపడితే సారా కొట్టు దగ్గర నాకో పేరు పెడతారు, ఆ పేరుతోనే పోతాను. పైగా పెళ్ళిసంబంధాలు వాటంతటవే ఆగిపోయాయి. అమ్మ పోయాక ఆ సంబంధాలవాళ్ళకి ఏం చెప్పి పంపాలో తెలియక నలిగిపోతున్న నాకు ఇది పెద్ద ఉపకారం. ఊరు తనంతట తానే ఒక ముసుగు కుట్టి తెచ్చి ఇస్తే కప్పుకున్నాను.

అసలైన కిడ్నీ జబ్బు మా బావకి వచ్చింది. అప్పని, అంటే మా అక్కని, అక్కుపల్లి దారిలో సముద్రం హోరు వినిపించే ఊళ్ళో ఇచ్చాం. బావకి కొబ్బరితోట, కొంత జీడితోట ఉన్నాయి. కొబ్బరిచెట్టెక్కి గెల దింపి, దిగీ దిగకముందే రెండు బొండాలు తాగేసే మనిషి. పాదాలు పొంగడం మొదలైనా ఏడాది పాటు "నాకేటీ నేదు, ఎండదెబ్బ" అనే అన్నాడు. ఆస్పత్రికి రానన్నాడు. చివరికి అన్నం సహించక, ఆయాసం వచ్చి పడిపోతే ఎత్తుకెళ్ళారు. ఆ తరవాత వారానికి రెండుసార్లు విశాఖపట్నంలో డయాలసిస్.

బావ నన్ను చేరదీశాడు. ఊళ్ళో మాట ప్రకారం నేనూ ఆయన బడిలోనే, కాస్త కింది తరగతిలో ఉన్నాను. "నీది ఇంకా మొదట్లోనే ఉందిరా, బామ్మర్దీ. నాలాగ తాత్సారం సెయ్యకు" అని పాఠాలు చెప్పేవాడు. కొబ్బరినీళ్ళు తాగకూడదు. అరటిపండు, పనసపండు ముట్టకూడదు. కూర ముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు వంచేసి, మళ్ళీ వండాలి. ఉప్పు వద్దు. ఆదివారం నేను వెళితే అప్ప ఇద్దరికీ అదే చప్పిడి కూర పెట్టేది. అక్కుపల్లి నుంచి చేపలమ్మ గంపతో వచ్చి గుమ్మంలో కేకేస్తే, ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకుని ముద్ద మింగేవాళ్ళం. "నువ్వు పక్కన కూకుని తింటే గానీ నాకు దిగదు" అనేవాడు బావ. ఎవరు పలకరించినా "నానూ మా బామ్మర్దీ" అనే మొదలుపెట్టేవాడు. నా పరీక్షల రోజుని ఆయన డయాలసిస్ రోజుతో కలిపించుకున్నాను. పలాసలో పొద్దున్నే ఎక్కే పాసింజరులో కిటికీ పక్క సీటు ఆయనది, ఆ పక్కది నాది. నాకు ఇబ్బందిగానే ఉండేది. కానీ రెండేళ్ళు గడిచాక ఇబ్బంది కూడా అలవాటైపోతుంది.

ఒకసారి డాక్టరు నా రిపోర్టు చూసి పెదవి విరిచాడు. హార్మోను సరిగ్గానే ఉందిగానీ హిమోగ్లోబిన్ పద్దెనిమిది దాటింది. ఈ మందు కొందరిలో రక్తాన్ని అతిగా ఊరిస్తుందట, చిక్కబడితే గుండెకీ మెదడుకీ ముప్పట. "ఒక సంచీ రక్తం తీయించేసుకో. లేకపోతే సూదులు ఆపాల్సి వస్తుంది" అన్నాడు. తీసింది ఎవరికైనా పనికొస్తుందా అని అడిగాను. నిక్షేపంలా పనికొస్తుంది, కావాలంటే రక్తనిధి వాళ్ళకి తానే చెబుతానన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా బావ దగ్గరికి వెళ్ళాను. డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది, రక్తం ఎక్కించాలి, రక్తనిధికి బదులుగా రక్తం ఇచ్చే మనిషిని తెచ్చుకోమన్నారట. కిందటిసారి బావ దగ్గర పనిచేసే మనిషొకడు వచ్చి ఇచ్చాడు. ఈసారి వాడి పెళ్ళాం పంపనంది.

"ఎవుల్నడుగుతాం?" అన్నాడు బావ. "రకతం ఇత్తే ఉన్న కిడ్నీ కూడా పోద్దని మనూరోల్లు బయపడతన్నారు. మీ అప్పకే రకతం నేదు. నిన్నడుగుదునుగానీ, నీదీ నా బతుకే కదరా."

నాకు పద్దెనిమిది, ఆయనకి ఆరు. కలిపి పంచితే చక్కగా ఇద్దరు మనుషులవుతారు. చెప్పకుండా ఇచ్చి రావడానికి వీల్లేదు. ఎవరి తరఫున ఇస్తున్నారో అడుగుతారు, ఇచ్చింది ఎవరో బావకి చెబుతారు. కిడ్నీ జబ్బువాడి చేత రక్తం ఇప్పించారని బావ గోలపెడతాడు, ఎక్కించుకోనంటాడు. చెప్పి తీరాలి. చెప్పాక, ఇన్నేళ్ళుగా నేను దాచుకుంటున్నది ఉద్దానంలో ఒక నోటికి తెలిసిపోతుంది. నాకు భయం వేసింది.

"బావా, నాకు కిడ్నీ జబ్బు లేదు" అన్నాను.

తరవాత మిగతాదంతా చెప్పాను. గవదబిళ్ళలు, నూనె సూది, టెక్కలి, పిల్లలు పుట్టకపోవడం, రక్తం ఎక్కువవడం, అన్నీ. ఎదురుగా గోడ మీదున్న గడియారం చూస్తూ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వితే ఏమనాలో సిద్ధం చేసుకున్నాను. జాలిపడినా, అసహ్యించుకున్నా, "ఛీ, మగపుటక పుట్టి" అన్నా సమాధానం సిద్ధంగా ఉంది.

"మరి ఆ మీసం?" అన్నాడు.

"సూదిదే."

బావ తలూపాడు. మీసం సంగతి అంతటితో అయిపోయింది.

"అంటే నీకు కిడ్నీ జబ్బు నేదు."

"లేదు."

"ఎప్పుడూ నేదు."

"లేదు బావా."

కొంతసేపు తన పాదాల వంక చూసుకున్నాడు. "అయితే ఇన్నాల్లూ నానొక్కన్నేనన్నమాట" అన్నాడు.

నేను లేచి రక్తనిధి వైపు నడిచాను.

మా డాక్టరు ముందే చెప్పి ఉంచాడు, రక్తనిధి వాళ్ళు నా పరీక్షలు చూసి ఒప్పుకున్నారు. మంచం మీద పడుకోబెట్టి తీశారు. సంచీ తొందరగానే నిండింది. ఒక కాఫీ, రెండు బిస్కెట్లు ఇచ్చారు. నా రక్తం ఎవరికి వెళ్ళిందో నాకు తెలియదు, బావకి ఎక్కింది వేరెవరిదో. తల కొంచెం తేలికపడినట్టయింది. చాలా రోజులుగా ఉన్న తలదిమ్ము అది, మొదటిసారి వదిలింది.

తిరుగు రైలెక్కాం. బావ నిద్రపోయాడు. నౌపడ దగ్గరికొచ్చేసరికి మెలకువ వచ్చింది. రైలు ఆగింది. బయట ఉప్పుమడుల గట్ల మీద ఉప్పు కుప్పలు తెల్లగా కనిపిస్తున్నాయి. బావ వాటివైపు చూస్తూ అడిగాడు.

"ఆదోరం వత్తావా?"

"వస్తాను."

"నీకు ఉప్పేసి ఏరేగా వొండమని సెప్తాన్లే మీ అప్పకి."

"వద్దు బావా. ఎప్పటిలాగే వండమను" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పలాస వచ్చేదాకా ఇటు తిరగలేదు.

బావ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరో కాలేజీ కుర్రాడు రక్తం ఇచ్చాడని అప్పతో అన్నాడు. ఊళ్ళో మునుపటిలాగే "నానూ మా బామ్మర్దీ" అనేవాడు. నేను ఆదివారాలు వెళ్ళి చప్పిడి కూర తినేవాణ్ణి. బయట ఉప్పూ కారం వేసుకుని తింటున్నానని ఆయనకి తెలుసు, తెలిసినట్టు నేనూ ఎరుగుదును. పక్కన ఒక కంచం ఉంటే చాలు అన్నట్టు ఉండేవాడు. కొన్ని నెలలకోసారి నా రక్తం చిక్కబడేది, వెళ్ళి ఇచ్చి వచ్చేవాణ్ణి. తనకి ఎక్కేది నాది కాదని బావకి తెలిసినా, అప్ప లోపలికి వెళ్ళగానే ఏడిపించేవాడు. "నీ రకతం ఎక్కిన కాణ్ణుంచీ నాకు కోపం ఎక్కువైపోతందిరా. మొన్న నర్సమ్మ మీద అరిసేసేను. మీ సంద్రుడు నాకూ పట్టేడు." బట్టీ ఆడవాళ్ళ సంగతి నేనే చెప్పాను. అంతలా నవ్వుతాడనుకుంటే చెప్పేవాణ్ణి కాదు, దగ్గొచ్చి చాలాసేపు ఆగలేదు.

అలా ఇంకొంతకాలం నడిచింది. ఒక వేసవిలో బావ పోయాడు.

కర్మలన్నీ అయి, చుట్టాలు వెళ్ళిపోయాక ఒక ఆదివారం అప్పని చూడ్డానికి వెళ్ళాను. ముందురోజే విశాఖపట్నంలో రక్తం ఇచ్చి వచ్చాను, చేతికి దూది ఇంకా ఉంది. కాళ్ళు కడుక్కుని కూర్చుంటే అప్ప కంచం పెట్టింది. బీరకాయ కూర. నోట్లో పెట్టుకున్నాను, ఉప్పు లేదు. తాను ఒక్కతే తినే ఇంట్లో, నేను వస్తానని ముక్కలు ఉడకబెట్టి, నీళ్ళు వంచి, చప్పిడిగా వండింది. మంచినీళ్ళు కూడా చిన్న గ్లాసుతో పెట్టింది. ఎదురుగా కూర్చుని నా పాదాల వంక చూస్తోంది. పొంగాయేమోనని చూస్తోంది. నేను లోపలికి వచ్చినప్పటినుంచీ అదే చూస్తోందని అప్పుడు గ్రహించాను.

మొగుడు పోయాడు, ఇక తమ్ముడి వంతు అని లెక్కపెట్టుకుంటూ బతుకుతోంది. అది చూడలేకపోయాను.

"అప్పా, నాకు కిడ్నీ జబ్బు లేదు. ఎప్పుడూ లేదు" అన్నాను.

అప్ప నా చెయ్యి చూసి, "మరా సేతికి దూదేటి?" అంది.

"రక్తం ఎక్కువైందప్పా. ఎక్కువైతే తీయించుకోమన్నారు."

"ఉద్దానంలో రకతం ఎక్కువైనోడు ఎవుడున్నాడ్రా?" అంది.

అప్పుడు మొత్తం చెప్పాను. గవదబిళ్ళల దగ్గర్నుంచి చెప్పాను. అమ్మ పట్టు వేయడం తనకీ గుర్తుండాలి కదా అన్నాను. మీసం ఎందుకు ఆలస్యమైందో, పెళ్ళి ఎందుకు వద్దన్నానో, టెక్కలి ఎందుకు వెళతానో, ఒక మగవాడు అక్క ముందు నోరు విప్పి చెప్పలేని మాటలన్నీ సిగ్గు విడిచి చెప్పాను. బావకి కూడా తెలుసన్నాను. ఏ మాటలు బయటపడితే బతకలేననుకున్నానో అవన్నీ ఆ వంటింట్లో పోశాను.

అప్ప అడ్డు చెప్పకుండా అంతా విన్నది. చివర్లో పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నాను బెంగెట్టుకుంతానని ఎన్నెన్ని కల్పిత్తన్నావురా నాన్నా" అంది. "మీ బావ కూడా ముందల ఏడాదంతా నాకేటీ నేదనే అన్నాడు."

కూరగిన్నె దగ్గరికి లాక్కుని నా కంచంలో ఇంకో గరిటె వేసింది.